ఎండుద్రాక్ష అనుకొని కొన్న సీసా

పెద్దలు మన్నించాల. ఈసారి మేము రాసేది పండగ సంగతి కాదు, వైను సంగతి. మేమంటే మేమిద్దరం, ఆలుమగలం. ఒకరిది రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమస్తా పని, ఇంకొకరిది ఆ జీతంతో ఇల్లు నడిపిన పని. ఇద్దరిదీ హొసూరు పక్క, ఇద్దరిదీ తమిళ మీడియం చదువే. తెలుగు రాయడం పెద్దయినాక నేర్చుకున్నాం కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

మొన్న మా పెళ్లయి 40 ఏండ్లు నిండినాయి. బెంగుళూరులో కూతురింటికి పోయినాం. "నీకేం కావాలమ్మా?" అని కూతురు అడిగింది. మా ఇంటామె చీర అనలేదు, నగ అనలేదు. "ఆ తెల్ల వైను ఎట్లుంటుందో ఒక్కసారి చూడాలని ఉంది" అనింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కారణం ఉంది. మా అన్న బ్రాందీకి బలైపోయినాడు. యాభై దాటకముందే లివరు చెడింది. రాత్రిళ్లు ఆయన చేసుకున్న వాంతులు కడిగింది మా ఇంటామే. ఆయన పోయిన దినం నుంచి మా గడప లోపలికి సీసా రాలేదు. పెళ్లి విందుల్లో హాలు వెనక, కారు డిక్కీ దగ్గర మనవాళ్లు గుమిగూడితే మేము చెప్పులేసుకుని ఇంటికి వచ్చేసేవాళ్లం. అట్లాంటి మనిషి నోట ఆ మాట వచ్చింది.

అల్లుడితో కలిసి అంగడికి పోయినాం. లెక్క ముందే వేసుకున్నాం: తియ్యగా ఉండాల, వెయ్యి రూపాయలు దాటకూడదు. ఒక సీసా మీద 'డ్రై' అని ఉంది. మేము చదివిన తమిళంలో ఎండుద్రాక్షని 'ఉలర్ తిరాట్చై' అంటారు. డ్రై అంటే ఎండినది, అంటే ఎండుద్రాక్షతో చేసింది, అంటే తియ్యనిది అని మేమే తీర్మానం చేసుకున్నాం. అల్లుడు ఏదో చెప్పబోయినాడు, మామగారి మాట కదా అని ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి పోసుకుంటే పులుపు, దాని వెనక వగరు. మా ఇంటామె ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "దీనికేనా బావగారు ప్రాణం పోగొట్టుకున్నది?" అనింది. అది వేరే సరుకు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయినాం.

మరుసటి దినం కూతురు, అల్లుడు కూర్చోబెట్టి చెప్పినారు. వైను భాషలో డ్రై అంటే తీపి లేనిది. ద్రాక్షరసంలో ఉన్న చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలుగా మారుస్తుంది. అంతా తినేస్తే డ్రై. మధ్యలో ఆపితే మిగిలిన చక్కెరే తీపి. యూరపు లెక్కలో లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై, 12 నుంచి 45 దాకా ఓ మోస్తరు తీపి, ఆ పైన పూర్తి తీపి. 'ఫ్రూటీ' అని రాసినంత మాత్రాన తియ్యగా ఉండదు, అది వాసన గురించి.

పార్సిల్ ఆఫీసులో చిన్న అక్షరాలు చదివే బతికినాం కదా, ఈసారి చీటీ మొత్తం చదివినాం. 'సెమీ స్వీట్', 'ఆఫ్ డ్రై', 'లేట్ హార్వెస్ట్' అనే మాటలు వెతకాల. ఆల్కహాలు శాతం కూడా ఒక గుర్తు. 13 ఉంటే చక్కెర చాలావరకు అయిపోయినట్టు, తగ్గేకొద్దీ తీపి మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. ఇటలీ మోస్కాతో ద'ఆస్తిలో 5 శాతమే, బాగా తీపి. కానీ దిగుమతి సరుకు, మన లెక్కకు అందదు. మన దేశంలో చేసినదాంట్లో నాశిక్ సూలా వారి షెనిన్ బ్లాంక్ కొంచెం తీపి మిగిలినది. పూర్తి తీపి కావాలంటే అదే ద్రాక్షతో లేట్ హార్వెస్ట్ అని ఇంకోటి ఉంది. పండును తీగ మీదే ఇంకొన్ని దినాలు వదిలేస్తే నీరు తగ్గి తీపి పెరుగుతుంది. అంటే మా 'ఉలర్ తిరాట్చై' లెక్క పూర్తిగా తప్పు కాదు, వేరే సీసాకు సరిపోయే లెక్క!

మేము షెనిన్ బ్లాంక్ తెచ్చినాం, వెయ్యి లోపే. మూత తిప్పితే వచ్చేదే, బిరడా తీసే సామాను అక్కర్లేదు. తెల్ల వైను దాచిపెడితే బాగుపడుతుందని పాత సీసా కొనకండి, ఇట్లాంటి ధరలో కొత్తదే మేలు. రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టినాం. మరీ గడ్డకట్టేంత చలి చేస్తే తీపి తెలియదు. కారంగా చేసిన కోడి వేపుడుకు బాగా కుదిరింది.

ఇంకో లెక్క కూడా వేసినాం, అన్నను తలుచుకునే వేసినాం. 42.8 శాతం బ్రాందీ 30 మిల్లీలో ఎంత ఆల్కహాలు ఉందో, 12 శాతం వైను 107 మిల్లీలో అంతే ఉంది. తియ్యగా ఉంది కదా అని పెద్ద గ్లాసు నింపితే పెగ్గు దాటినట్టే. తీపి గొంతును మోసం చేస్తుంది. అందుకే కాఫీ గ్లాసులో సగం సగం పోసుకున్నాం. మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టినాం, మరుసటి రాత్రి అందరం ముగించినాం. ఎవరినీ తాగమని చెప్పడానికి రాయలేదు ఇది. సుగరు ఉన్నవాళ్లు, మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

మా ఇంటామె తన వంతు మెల్లగా తాగింది. బాగుంది అనింది. ఇంకొంచెం పొయ్యనా అని కూతురు అడిగితే గ్లాసు బోర్లించి పెట్టింది. తరువాత అనింది: "బావగారు కూడా ఇట్లా మనందరి ఎదురుగా కూర్చుని, లెక్కపెట్టి, ఒక్క గ్లాసు తాగి లేచి ఉంటే? మనం ఆయన్ని ఎప్పుడన్నా ఎదురుగా కూర్చోనిచ్చినామా?"

కారు డిక్కీ దగ్గర నిలబడే మనవాళ్లను చూసి చెప్పులేసుకొని వచ్చేసేవాళ్లం అని పైన రాసినాం కదా. దానికి జవాబు మా దగ్గర ఇంకా లేదు.