రసీదు ఇచ్చే ముందు

మందిరం లెక్కల కంప్యూటరు ఇన్నాళ్లూ ఎందుకంత నెమ్మదిగా నడిచింది, ఇప్పుడెలా చురుకైంది అని చాలామంది అడుగుతున్నారు. అడిగినవారిలో సగంమంది విధవరాండ్ర పొదుపు నిధికి నెలనెలా డబ్బు కట్టే తల్లులే. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాము.

మా ఇంటి మూలగదిలో ఉన్న పాత కంప్యూటరే మన స్టోరేజ్ సర్వరు. అందులో రెండు హార్డ్‌డిస్కులు, ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది. పైన నడిచేది జెడ్‌ఎఫ్‌ఎస్, సన్ మైక్రోసిస్టమ్స్ వారు 2005లో బయటికి వదిలిన ఫైల్ సిస్టమ్. మందిరంలోని కంప్యూటరు ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా దీనిలోనే పద్దులు రాస్తుంది.

సర్వరు రాసే రాత రెండు రకాలు. మామూలు రాతలో వచ్చినదాన్ని ర్యామ్‌లో పెట్టుకుని వెంటనే ‘రాసేశాను’ అంటుంది. ఐదు సెకన్లకోసారి ఆ పోగునంతా డిస్కుకు ఎక్కిస్తుంది. ఈలోగా కరెంటు పోతే ఆ పోగు పోయినట్టే. సింక్ రాతలో ఆ వెసులుబాటు లేదు. కరెంటు పోయినా చెరగని చోట పడ్డాకే ‘రాశాను’ అనాలి. డబ్బు పుచ్చుకుని, పుస్తకంలో ఎక్కించి, ఆ తరువాతే రసీదు చింపి ఇచ్చినట్టన్నమాట. లెక్కల ప్రోగ్రాములు ప్రతి పద్దుకూ ఇదే అడుగుతాయి.

నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. దాని ముల్లు సరైన చోటికి జరగడానికి ఇంకొంత. సెకనుకు వంద చిన్న రాతలు రాస్తే గొప్ప. ఒక్కో పద్దుకు అలాంటివి నాలుగైదు కావాలి. అదే సమయంలో ఆరాధన వీడియో కూడా ఎక్కుతుంటే ముల్లు అటూ ఇటూ పరుగులే. మొదటి ఆదివారం వరుసలో నిలబడ్డవారికి ఆ సంగతి మేము చెప్పనక్కరలేదు.

“అయ్యగారూ, సింక్ డిసేబుల్ చేసేయండి, ఒక్క కమాండుతో అయిపోతుంది,” అన్నాడు మన యువకుడొకడు. ఖాళీ ఫోల్డరులో చేసి చూశాము. నిజంగానే పరుగెత్తింది. ఆ పరీక్ష అందరూ చేయదగ్గదే. అప్పటికీ నెమ్మదిగానే ఉంటే జబ్బు నెట్‌వర్కులోనో ప్రోగ్రాములోనో ఉన్నట్టు.

కానీ పొదుపు నిధికి దాన్ని పెట్టనివ్వలేదు. వానాకాలంలో మన ఊళ్లో కరెంటు రోజుకెన్నిసార్లు పోతుందో మీకు తెలుసు. యూపీఎస్ ఉంది, దాని బ్యాటరీకి వయసైంది. ఆ ఐదు సెకన్లలో కరెంటు పోతే జెడ్‌ఎఫ్‌ఎస్ ఏమీ చెడిపోదు, చక్కగా మళ్లీ లేస్తుంది. పోయేది చివరి పద్దులు మాత్రమే. అంటే చదువు రాని తల్లి చేతిలో రెండు వందల రూపాయల రసీదు ఉంటుంది, మన పుస్తకంలో పద్దు ఉండదు. ఎవరి మాట చెల్లుతుంది? అప్పులిచ్చినవారి పుస్తకాల దగ్గర ఈ ఊరి పెద్దలకు దానికి జవాబు ఎప్పుడో తెలిసింది.

పాత షావుకార్లకు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. బేరం జరిగిన వెంటనే చిట్టాలో గీకేవారు, తీరిగ్గా ఆవర్జాకు ఎక్కించేవారు. జెడ్‌ఎఫ్‌ఎస్‌కూ ఇంటెంట్ లాగ్ అనే చిట్టా మొదటినుంచీ ఉంది. చిక్కల్లా ఆ చిట్టా కూడా అవే డిస్కుల మీద ఉండటం. దాన్ని వేరే వేగమైన పరికరం మీద పెడితే దానికి స్లాగ్ అని పేరు. చాలామంది దీన్ని క్యాష్ అనుకుంటారు, కాదు. ఆవర్జాకు ఎక్కేది ర్యామ్‌లోంచే. చిట్టాను తెరిచి చదివేది యంత్రం అర్ధాంతరంగా ఆగిపోయి మళ్లీ లేచినప్పుడే.

దీనికి ఏ ఎస్‌ఎస్‌డీ అయినా పనికిరాదు. మామూలు రకాలకు లోపల తమ సొంత ర్యామ్ ఉంటుంది. నిజంగా లోపలికి రాయమంటే అవీ నీరసపడతాయి. కరెంటు పోయినా పని ముగించేందుకు కెపాసిటర్లు ఉన్న రకం కావాలి, లేదా ఇంటెల్ వారి ఆప్టేన్. ఆప్టేన్ వ్యాపారం ఆపేస్తున్నామని వారు 2022లో చెప్పారు గనుక పాతవే వెతకాలి. మాకు 16 జీబీది దొరికింది. అంత చిన్నది చాలునా అంటే, మన గిగాబిట్ వైరులో సెకనుకు 120 మెగాబైట్లకు మించి రావు. ఐదు సెకన్లకు 600. దానికి మూడింతలు వేసుకున్నా రెండు జీబీ లోపే.

ఇప్పుడు ‘సేవ్’ నొక్కి చెయ్యి తీసేలోపు రసీదు వస్తోంది. వీడియోలు ఎక్కే వేగం మాత్రం మారలేదు, అవి సింక్ రాతలు కావు. వీడియో జట్టువారు నిరాశపడ్డారు, ముందే చెప్పాము వారికి.

ఆ ముక్క చెడిపోతే ఎలా, రెండోది జతగా పెట్టాలి కదా అని కోశాధికారిగారి ప్రశ్న. నడుస్తుండగా చెడితే సర్వరు మళ్లీ పాత డిస్కుల మీదే చిట్టా రాసుకుంటుంది, నెమ్మదిస్తుంది, ఏదీ పోదు. నష్టం రావాలంటే అదీ కరెంటూ ఒకేసారి పోవాలి. అందుకని రెండోది కొనలేదు. ఆ డబ్బుతో యూపీఎస్ బ్యాటరీ మార్పించాము.