రెండో ఇంటిపేరు

"ప్రీమోస్?" అని అడిగింది కౌంటర్ అవతల కూర్చున్న ఆవిడ, నా పాస్‌పోర్టు చివరి పేజీ మీద పెన్ను ఆనించి. కజిన్సా అని. ఎవరూ అంటే, మా అమ్మా నాన్నానట.

మన పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరు, దాని కింద తల్లి పేరు ఉంటాయి కదా. నా దాంట్లో నాన్న నూతలపాటి, అమ్మా నూతలపాటే. మెక్సికోలో పెళ్ళయితే ఆడవాళ్ళ పేరు మారదు. పుట్టినప్పుడు ఏది రాశారో పోయేదాకా అదే. అలాంటి చోట మొగుడూ పెళ్ళాలకి ఒకటే ఇంటిపేరు కనిపిస్తే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే, అన్నదమ్ముల పిల్లలు పెళ్ళి చేసుకున్నారేమో అని. ఆవిడ గొంతులో వెటకారమేం లేదు. ఫారంలో గళ్ళు నింపాలి, అంతే.

నాకు మాత్రం నవ్వొచ్చింది. మన దగ్గర ఇంటిపేరు ఒకటైతే సంబంధం ఊసే ఎత్తరు, అన్నాచెల్లెళ్ళ వరస అంటారు. అదే మేనమామ కొడుకయితే ఇంటిపేరు వేరు కాబట్టి నిక్షేపంగా పప్పన్నం పెట్టేస్తారు. వాళ్ళ ఫారం పట్టుకోగలిగే చుట్టరికంలో మనవాళ్ళు పెళ్ళి చెయ్యరు, మనవాళ్ళు చేసేది వాళ్ళ ఫారానికి కనపడదు. ఇదంతా మూడు నెలల యాప్ స్పానిష్‌లో చెప్పడం నా వల్ల కాలేదు. "నో, నో ప్రీమోస్" అన్నాను. తర్వాత "ఇండియా" అన్నాను, అదే జవాబైనట్టు. ఆవిడ తలూపి టైప్ చేసుకుపోయింది.

అక్కడిదాకా రావడంలో పెద్ద కథేం లేదు. గ్వాదలహారాలో సాఫ్ట్‌వేర్ ఆఫీసులు బాగానే ఉన్నాయి, వాటిల్లో మనవాళ్ళూ ఉన్నారు. ఉద్యోగం మీద వస్తే కాయితాల్లో మొదటి సగం కంపెనీయే చూసుకుంటుంది. ఐఎన్ఎమ్ అని అక్కడి వలసల సంస్థ, అనుమతిచ్చి ఒక నంబరు పంపుతుంది. ఆ నంబరుని నూత్ అంటారు. ("ముందు నూత్, వెనక గొయ్యా?" అంది అమ్మ.) అది పట్టుకుని ఢిల్లీలో ఎంబసీకి వెళ్ళాలి. ఆ దేశానికి రాయబారిగా ఆక్తావియో పాజ్ 1962 నుంచి ఆరేళ్ళు ఢిల్లీలో ఉన్నాడు. 1968లో తన ప్రభుత్వం విద్యార్థుల మీద కాల్పులు జరిపినందుకు ఆ పదవి వదిలేసుకున్నాడు. నేను ఇవన్నీ తలచుకుంటూ చాలా సాహిత్యంగా నిలబడి ఉన్నాను. తీరా నా వంతు వచ్చేసరికి ఫోటోలో కళ్ళజోడు ఉంది, తీసేసి ఇంకోటి దిగి రమ్మన్నారు. ఫోటో 3.9 బై 3.1 సెంటీమీటర్లు ఉండాలని తెనాలిలో స్కేలు పెట్టి కొలిపించుకున్నదాన్ని, కళ్ళజోడు సంగతి చదవలేదు.

పాస్‌పోర్టులో అతికించే వీసా ఉత్త గేటు పాసు. 180 రోజుల్లోపు ఒక్కసారి దేశంలో అడుగుపెట్టడానికే పనికొస్తుంది. దిగిన 30 రోజుల్లోపల ఐఎన్ఎమ్ ఆఫీసుకెళ్ళి దాన్ని రెసిడెంట్ కార్డుగా మార్చుకునే పని మొదలుపెట్టాలి. ఎయిర్‌పోర్టులో '30 రోజులు' అని వేశారా, టూరిస్టులకి వేసినట్టు '180' వేశారా అన్నది అక్కడే నిలబడి చూసుకోవాలి. 180 చూసి ఎక్కువ రోజులిచ్చారని సంబరపడితే తర్వాత తిప్పలు. మొదటి కార్డు ఏడాదికి. నాలుగేళ్ళు నిండాక శాశ్వత నివాసానికి అడగొచ్చు. కార్డు ఎప్పుడొస్తుందని అడిగితే "ఆవొరీతా" అంటారు. మనవాళ్ళు "ఇదిగో, ఇప్పుడే" అంటారు చూడండి, అచ్చం అదే మాట, అదే వ్యవధి.

ఇక ఆ ఫారం. అందులో మూడు గళ్ళు: పేరు, మొదటి ఇంటిపేరు, రెండో ఇంటిపేరు. మొదటిది నాన్న వైపుది, రెండోది అమ్మ పుట్టింటిది. అక్కడ అందరికీ రెండూ ఉంటాయి, ఆఫీసు ఊడ్చే ఆయనకీ, మా డైరెక్టరుకీ. మనం మార్క్వెజ్ మార్క్వెజ్ అని కలవరించే గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్‌కి మార్క్వెజ్ అన్నది వాళ్ళమ్మ నుంచి వచ్చింది. నాన్న వైపుది గార్సియా. లోర్కాకీ అంతే, పికాసోకీ అంతే. ఇన్నేళ్ళూ మనం వాళ్ళని అమ్మల పేరుతో పిలుస్తున్నామని నాకు ఆ క్యూలో నిలబడేదాకా తట్టలేదు.

నా రెండో గడి ఖాళీ. పాస్‌పోర్టులో లేనిది రాయడానికి లేదు. "ఈ ఎల్ మతెర్నో?" అని ఆవిడ రెండుసార్లు అడిగింది. మరి అమ్మది? ఉంది. కొల్లిపర. కానీ ఏ కాయితం మీదా లేదు.

ఖాళీ వదిలేస్తే పోయేదే కదా అనుకున్నాను. కార్డు వచ్చాక తెలిసింది పోదని. కార్డు మీద కుర్ప్ అని 18 అక్షరాల కోడు ఉంటుంది. బ్యాంకు, ఆసుపత్రి, ఫోను, ఏ పనికైనా అదే. మన ఆధార్ లాంటిదే గానీ, ఆధార్ అంకెలకి మనిషితో చుట్టరికం ఏమీ లేదు. కుర్ప్‌ని మనిషి పేరులోంచే అల్లుతారు. మొదటి ఇంటిపేరులో తొలి అక్షరం, దాని లోపలి మొదటి అచ్చు, రెండో ఇంటిపేరులో తొలి అక్షరం, సొంత పేరులో తొలి అక్షరం. తర్వాత పుట్టిన తేదీ, ఆడా మగా, పుట్టిన రాష్ట్రం. మనలా బయట పుట్టినవాళ్ళందరికీ కలిపి ఒకే రాష్ట్రం, 'ఎన్ఇ' అని. ఆ తర్వాత మళ్ళీ మూడు పేర్లలోంచీ ఒక్కో హల్లు. మొదటి నాలుగక్షరాలు కలిసి ఏదన్నా బూతుమాట అయ్యిందనుకోండి, రెండో అక్షరం తీసేసి ఎక్స్ పెడతారు. అలాంటి మాటలకి ఒక అధికారిక జాబితా కూడా ఉంది. అది తయారుచేసిన మీటింగులో ఓ మూల కూర్చుని వినాలని నా కోరిక.

రెండో ఇంటిపేరు లేనివాళ్ళకీ ఎక్స్ పెడతారు, రెండు చోట్ల. నాది ఎన్, యు, ఎక్స్, ఎస్ అని మొదలవుతుంది. మూడో స్థానంలో కె ఉండాల్సింది. పదిహేనో స్థానంలో ఎల్ ఉండాల్సింది. అక్కడా ఎక్స్.

నేను నాలుగో తరగతిలో ఉండగా నాన్న ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. ఎక్కడికి, ఎందుకు అన్నవి ఇక్కడ అనవసరం. నన్ను చదివించింది, స్కూటీ కొనిచ్చింది, ఢిల్లీకి టికెట్ తీసింది అమ్మ. కార్డు మీద ఎన్, యు అని రెండక్షరాలు నిక్షేపంగా ఉన్నది ఆయనవి. కోపం వచ్చిందని చెప్పను. చిన్నప్పటినుంచీ నూతలపాటి అనే పిలిపించుకున్నాను, అది నా పేరే. కానీ బ్యాంకులో, క్లినిక్‌లో ఆ కోడు చెప్పాల్సిన ప్రతిసారీ "ఎకిస్" అని రెండుసార్లు పలకాలి. పలికిన ప్రతిసారీ అమ్మ గుర్తొస్తుంది.

అమ్మని తీసుకురావాలని ముందునుంచీ ఉంది. తాత్కాలిక రెసిడెంట్‌కి తల్లినో తండ్రినో తెచ్చుకునే వీలు అక్కడి చట్టంలో ఉంది, భార్యాభర్తలకీ పిల్లలకీ ఉన్నట్టే. అమెరికా వెళ్ళిన నా స్నేహితులు విని నమ్మలేదు. సంపాదన చూపించాలి. ఈమె నా తల్లి అని రుజువు చూపించాలి. రుజువంటే నా బర్త్ సర్టిఫికెట్.

అక్కడ దొరికిపోయాం. అమ్మ పెళ్ళికి ముందే టీచరైంది. పదో తరగతి సర్టిఫికెట్ మీద, సర్వీసు రిజిస్టరులో, వాటిని చూసి చేయించిన పాస్‌పోర్టులో అంతా కొల్లిపర అనసూయ. నా బర్త్ సర్టిఫికెట్‌లో నాన్న చెప్పి రాయించింది నూతలపాటి అనసూయ. నా కాయితాలు చూసిపెట్టే లాయరమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చాలా మర్యాదగా చెప్పింది: "వీళ్ళిద్దరు మనుషులు." పేరు మారని దేశంలో రెండు పేర్లుంటే ఇద్దరే మరి. 'ఇద్దరూ ఒకరే' అని వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించి పంపుతానన్నాను. మన దగ్గర సగం జీవితాలు ఆ కాయితం మీదే నడుస్తాయి. ఆవిడ ఒప్పుకోలేదు, బర్త్ సర్టిఫికెట్టే దిద్దించుకు రమ్మంది.

1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం చదివాను. కథలు చదివే అలవాటున్నవాళ్ళకి అదేం కష్టంగా ఉండదు. పదిహేనో సెక్షన్ ప్రకారం తప్పు దిద్దొచ్చు. అసలు రాత మీద చెయ్యి పెట్టకూడదు. పక్కన మార్జిన్‌లో సరైనది రాసి, సంతకం పెట్టి, తేదీ వెయ్యాలి. అందుకు విషయం ఎరిగిన పెద్దమనుషులిద్దరు డిక్లరేషన్ ఇవ్వాలి.

ఎరిగినవాళ్ళు ఎవరు? అమ్మతో పనిచేసిన హెడ్‌మాస్టర్ గారు ఒకరు ఒప్పుకున్నారు. రెండో మనిషి దగ్గర ఆగిపోయింది. పెళ్ళికి ముందు కొల్లిపర, తర్వాత నూతలపాటి అని రెండు పక్కలా తెలిసినవాళ్ళు కావాలి. అమ్మ వారం పాటు ఆ మాటెత్తలేదు. తర్వాత ఒకరోజు, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, ఇక్కడ పొద్దున తొమ్మిది, ఫోన్లో మామూలుగా చెప్పింది, మా మేనత్తకి ఫోన్ చేశానని.

నాన్న వెళ్ళిపోయాక మేనత్త మా గడప తొక్కలేదు. తమ్ముడి తప్పేమీ లేదన్న మనిషి. అమ్మ ఆవిడతో మాట్లాడి ఇరవై ఏళ్ళు దాటింది. రేపల్లె నుంచి బస్సెక్కి వచ్చిందట, సంచిలో నాలుగు జామకాయలతో. మున్సిపల్ ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని కాయితం మొత్తం చదివించుకుందట. "కొల్లిపర వాళ్ళమ్మాయిని మేమే కదా వెళ్ళి చూసొచ్చింది, నాకు తెలీదా" అని సంతకం పెట్టిందట. తర్వాత?

"తర్వాతేముందే. టీ తాగాం."

"ఏమన్నా మాట్లాడిందా?"

"మోకాళ్ళ నొప్పులంట. నాక్కూడా అన్నాను. వదిన బాగా చిక్కిపోయింది."

ఇంతకంటే నాకు చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు.

దిద్దిన సర్టిఫికెట్ వచ్చాక మిగతాదంతా తిరుగుడు. దాని మీద ముందు రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ స్టిక్కర్. మన దేశం అపోస్టిల్ ఒప్పందంలో 2005లో చేరింది, మెక్సికో అంతకు పదేళ్ళ ముందు. ఆ స్టిక్కర్ చెప్పేది కూడా ఇంతే: ఈ సంతకం ఫలానా అధికారిదే అని. లోపల రాసింది నిజమా కాదా దానికి పట్టదు. అంత గొప్ప స్టిక్కరూ మేనత్త మాట మీద కూర్చుని ఉంది. తర్వాత గ్వాదలహారాలో అధికారిక అనువాదకుడి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పెద్దవాడు, ప్రతి పేజీకీ ముద్ర కొడతాడు. తల్లి పేరు దగ్గర ఆగి, కొల్లిపర అన్నది ఎలా పలకాలి అని అడిగాడు. ఆ కౌంటర్లో ఖాళీగా వదిలేసిన మాటని ఆ దేశంలో మొదటిసారి గట్టిగా పలికాను. ఆయన రెండుసార్లు అని చూసుకున్నాడు. వాళ్ళ స్పానిష్‌లో రెండు ఎల్‌లు కలిస్తే 'య' అవుతుంది కాబట్టి, ఎంత చెప్పినా 'కొయిపర' అనే వచ్చింది.

అమ్మ నూత్ పోయిన మంగళవారం వచ్చింది. నా కోడులో ఎక్స్‌లు అలాగే ఉన్నాయి. అవి మారాలంటే ముందు నా పాస్‌పోర్టులో పేరు మారాలి, అది ఇంకో యుద్ధం. ఇప్పటికైతే ఢిల్లీ రైలు, జిరాక్సులు రెండు సెట్లు, కళ్ళజోడు లేని ఫోటో. నిన్న వీడియో కాల్‌లో ఫారం నింపిస్తున్నాను. ఇంటిపేరు గడి దగ్గర పెన్ను ఆపింది.

"ఏది రాయమంటావే?"

"పాస్‌పోర్టులో ఉన్నదే అమ్మా. కొల్లిపర. నీది."

"నాదేంటే, అది మా నాన్నది" అంది, రాస్తూనే. "నాది ఉత్త అనసూయ. సర్లే, పక్క గడి చెప్పు."