ఉప్పుగాలిలో రాగిబాటలు

చెన్నైనుండి గాని, విశాఖపట్నంనుండి గాని ఓడనెక్కిన ప్రయాణికునికి సుమారు మూడు దినాల నీలిమ తరువాత తూర్పున అడవులతో నిండిన అండమాను దీవులు కనిపిస్తాయి. ముఖ్యపట్టణమైన పోర్టు బ్లెయిరును 2024 నుండి శ్రీ విజయపురం అంటున్నారు. బజారులో తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. ఉత్తరాంధ్రనుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ అనేకం.

ఈ దీవులలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. వానలేనినాడు కూడా గాలిలో చెమ్మ, ఆ చెమ్మలో ఉప్పు. తలుపు గడియలు తుప్పుపట్టడం అందరికీ కనిపిస్తుంది. కనిపించని హాని జరిగేది రేడియోలలో, టెలిఫోనులలో, పడవల వైర్‌లెస్ సెట్లలో ఉండే సర్క్యూట్ బోర్డులకు.

గాజునారను ఎపాక్సీ జిగురుతో అదిమి చేసిన పలక ఈ బోర్డు. దానిపై అతికిన రాగిరేకు మందం సాధారణంగా 35 మైక్రానులు. అక్కరలేని రాగిని రసాయనంతో కరిగించివేయగా మిగిలిన సన్నని గీతలే విద్యుత్తుకు బాటలు. వాటికి విడిభాగాలను టంకంతో అతుకుతారు. టంకం చక్కగా పట్టడానికి వాడే ఫ్లక్సును సరిగా కడగకపోతే దాని మడ్డి నిలిచిపోతుంది. అటువంటి బోర్డు కూడా కర్మాగారపు పరీక్షలో నెగ్గవచ్చు. అసలు పరీక్ష పెట్టేది సముద్రతీరం.

గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంత తానే నీరు పీల్చి ద్రవమవుతుంది. ఆ తడి, ఆ మడ్డి కలిసి రెండు గీతల నడుమ పలుచని పొర కడతాయి. విద్యుత్తు తోడైతే లోహం ఒక గీతనుండి కరిగి, రెండవదాని వద్ద చెట్టుకొమ్మల వలె పేరుకుంటుంది. కొమ్మ ఆవలి గీతను తాకిన క్షణాన బోర్డు మూగబోతుంది.

ఆ మౌనం ఖరీదు ఈ దీవులకు తెలుసు. పోర్టు బ్లెయిరులో ఆటుపోట్లను కొలవడం 1880లో మొదలైంది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ వద్ద భూకంపంతో లేచిన అలలను ఆ యంత్రం కాగితంపై గీసింది. నీటిపై తేలే డబ్బా, గడియారం, కలం, ఇవే దాని అంగాలు. అది నమోదు చేయగలిగిందే గాని, హెచ్చరించలేకపోయింది. 2004 డిసెంబరు 26 ఉదయం 6.29 గంటలకు సుమత్రా వద్ద సముద్రగర్భం కంపించింది. గంటలోపే కార్ నికోబార్‌ను అలలు ముంచెత్తాయి. చెన్నైకి రెండు గంటలకు పైగా వ్యవధి ఉన్నది. కాని హెచ్చరించే వ్యవస్థ లేదు.

2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం వెలసింది. సముద్రమట్టాన్ని కొలిచే పరికరాలు దీవుల తీరంనుండి ఉపగ్రహం ద్వారా ఆ కేంద్రానికి కబురు పంపుతాయి. ఇటువంటి పరికరాల బోర్డులను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఆక్రిలిక్ లేదా సిలికోన్ పూత పూసి, గాలి చొరని పెట్టెలో బిగించాలి. అడుగున మడ్డి మిగిలితే పూత వృథా. తేమ దానిగుండా మెల్లగా దిగుతుంది.

దూరాన ఏదో కర్మాగారంలో ఒక బోర్డును మరికొన్ని నిమిషాలు కడగడం చిన్న పనే. దాని ఫలితం తేలేది నికోబారు తీరాన, కడలి వెనక్కు తగ్గిననాడు.