రెండో కార్డు కోసం ప్రొద్దుటూరు దాకా

కడప నుంచి కమలాపురం పోయే దారిలో వల్లూరు తగులుతుంది. బస్సు ఆగేది కాసేపే గానీ ఊరి చరిత్ర మాత్రం చిన్నది కాదు. 13వ శతాబ్దంలో కాకతీయుల కింద ఈ సీమను ఏలిన కాయస్థ నాయకులకు ఇది రాజధాని. రుద్రమదేవిని ధిక్కరించిన అంబదేవుడు ఆ వంశంవాడే. పెన్న ఒడ్డున గుళ్లతో నిండిన పుష్పగిరి కూడా ఈ మండలంలోదే. ఇటువైపు వచ్చేవాళ్లు ఎక్కువగా ఆ గుళ్ల కోసమే వస్తారు. నేను ఈసారి వెళ్లింది మాత్రం ఒక కంప్యూటరు పని మీద.

మా అక్క కొడుకు డిప్లొమా చదివాడు. కడపలో ఇళ్లు కట్టించే ఇంజినీర్లకు త్రీడీ బొమ్మలు చేసిచ్చి నాలుగు రూపాయలు సంపాదిస్తాడు. రాత్రయితే గేములు. కంప్యూటరేమో 2014 నాటిది. నాలుగో తరం ఐ5 ప్రాసెసరు, జీటీఎక్స్ 970 గ్రాఫిక్స్ కార్డు. కొత్త గేము పెడితే నత్తనడక. త్రీడీ బొమ్మ ఒకటి తయారవ్వాలంటే రాత్రంతా కాచుకోవాలి.

"ఇట్లాంటిదే ఇంకో పాత కార్డు కొని పక్కన తగిలిచ్చే స్పీడు రెండింతలు కాదా మామా?" అన్నాడు.

పసుపు అమ్మిన డబ్బులోంచి అక్క కొంత తీసి పక్కన పెట్టింది. అది కాస్తా నీళ్లపాలైతే మళ్లీ పంట చేతికొచ్చేదాకా అడిగే పని లేదు. పని సాగకపోతే వీడు బెంగళూరు బస్సు ఎక్కాల్సిందే. అందుకే సీపీయూ డబ్బాను దుప్పట్లో చుట్టుకుని ఇద్దరం ప్రొద్దుటూరుకు బయల్దేరాం.

దారి పొడవునా కరెంటు మాటే

కమలాపురం దగ్గర పాపాఘ్ని. 2021 నవంబరు వరదల్లో ఇక్కడి వంతెన కూలిపోయింది. అది దాటాక ఎర్రగుంట్ల. సిమెంటు లారీలు, బండల లోడ్లు, గాల్లో తెల్లటి దుమ్ము. ఎర్రగుంట్ల మండలంలోనే రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. దాని సామర్థ్యం 1650 మెగావాట్లు. పక్కనే అంత కరెంటు పుడుతున్నా ఊళ్లలో ఓల్టేజీ ఎగుడుదిగుళ్లు తప్పవు. వేసవిలో ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. కంప్యూటరుకు దుమ్ము, ఎండ, కరెంటు మూడూ శత్రువులే. మా వాడి గదిలో మూడూ ఉన్నాయి.

ప్రొద్దుటూరు అంటే బంగారం. రెండో ముంబయి అని పేరు. ఇక్కడి అంగళ్లలో పాత నగ ఇచ్చి, తరుగు పోగా మిగిలిన దానికి ఇంత కలిపి కొత్త నగ తీసుకోవడం ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఆ సంగతి తర్వాత మాకు పనికొచ్చింది.

కాడికి రెండు ఎద్దులు

రిపేరు అంగడాయన మూత తీసి, దుమ్ము ఊది, మదర్‌బోర్డు చూసి నవ్వాడు. "రెండెద్దులు కట్టినంత మాత్రాన అయిపోతాదా అబ్బీ? కాడి యాడుంది? మడక పట్టేవాడు యాడున్నాడు?"

బండలాగుడు పోటీలు చూసిన సీమవాళ్లకు ఇంతకంటే బాగా చెప్పలేం. ఎన్విడియా 2004లో తెచ్చిన ఎస్‌ఎల్‌ఐ పద్ధతిలో రెండు కార్డులూ ఒకే జాతివి కావాలి. ఒక బొమ్మ ఇదీ, తర్వాతి బొమ్మ అదీ గీస్తూ పోతాయి. అందుకు తగ్గ మదర్‌బోర్డు ఉండాలి. అదే కాడి. మా వాడిది బి85 రకం. దానికి ఆ వసతే లేదు. ఇక మడక పట్టేవాడు గేము. గేముకు రెండు కార్డులతో పని చేయించడం రాకపోతే రెండోది ఊరికే నిలబడి మేత తింటుంది. 2021 జనవరి నుంచి ఎన్విడియా కొత్త గేములకు ఆ ఏర్పాట్లు చేయడం కూడా మానేసింది.

ఇంకో భ్రమ మెమరీ. ఒక్కో కార్డులో 4 జీబీ ఉంటే రెండూ కలిసి 8 అవుతుందనుకుంటాం. కాదు. ఒకే సరుకును రెండు గాదెల్లోనూ పెట్టాలి. కాబట్టి మిగిలేది 4 జీబీయే.

"మరి త్రీడీ పనికో?" అన్నాడు మా వాడు. అడగాల్సిన మాటే. బ్లెండరు లాంటి సాఫ్ట్‌వేర్లకు కాడి అక్కర్లేదు. పనిని రెండు కార్డులకూ పంచేస్తాయి. అక్కడ రెండోది నిజంగానే ఉపయోగం. కానీ లెక్క వేస్తే ఇట్లా తేలింది: ఒక్కో కార్డుకు 145 వాట్లు, రెండుకు 290. ప్రాసెసరుకు 84. మిగతా వాటికి ఒక 50. మొత్తం 420 పైనే. ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లు. కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లది, అదీ పదేళ్ల పాతది. పైగా కార్డులు రెండూ ఆనుకుని ఉంటే కిందిది వదిలిన వేడిగాలినే పైది పీల్చుకోవాలి. మన ఎండల్లో ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

పాతది ఇచ్చి కొత్తది

చివరికి ప్రొద్దుటూరు పద్ధతే మేలనిపించింది. 970ని ఇచ్చేసి, పైన కొంత కలిపి వాడిన జీటీఎక్స్ 1660 సూపర్ తీసుకున్నాం. మెమరీ 6 జీబీ, కరెంటు 125 వాట్లు. అంటే పాత ఒక్క కార్డు కన్నా తక్కువ తిని ఎక్కువ పని చేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ కూడా కొత్తది వేయించాం. ముందు మార్చాల్సింది అదేనన్నాడు అంగడాయన.

వాడిన కార్డు కొనేవాళ్లకు ఒక మాట. 2022 సెప్టెంబరులో ఇథీరియం పద్ధతి మారాక, క్రిప్టో మైనింగులో రాత్రింబవళ్లు నలిగిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి చాలా వచ్చాయి. పైకి తళతళలాడినా నమ్మకండి. అంగట్లోనే అరగంట గేము ఆడించి చూడండి. వేడి 85 దాటితే, ఫ్యాను గరగరమంటే, తెర మీద గీతలు పడితే వద్దనండి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో కొన్నా, ప్రొద్దుటూరులో కొన్నా ఈ పరీక్ష తప్పనిసరి.

బిల్లు కట్టాక అక్క ఇచ్చిన డబ్బులో కొంత మిగిలింది. "దీంతో ఏం చేద్దాం మామా?" అంటే, "ఫ్యాను ఒకటి కొను. కంప్యూటరుకు కాదు, నీకు" అన్నాడు అంగడాయన నాకన్నా ముందే.