పాఠాలు చెప్పిన చిరునామా

ఎక్స్‌ఎన్‌ఏ క్రియేటర్స్ క్లబ్ ఆన్‌లైన్ అనేది వీడియో గేములు తయారుచేసేవారి కోసం మైక్రోసాఫ్ట్ నడిపిన సహాయ వెబ్‌సైటు. ఆ సంస్థ 2006 డిసెంబరు 11న ఎక్స్‌ఎన్‌ఏ గేమ్ స్టూడియో ఎక్స్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేసింది. దానికి బడి, గ్రంథాలయం, పరీక్షల గది, తరువాతి కాలంలో సరుకు బయలుదేరే రేవు, అన్నీ ఈ సైటే. 2010లో యాప్ హబ్ అని పేరు మారింది. ఆపైన ఒక్కొక్క గదికే తాళం పడుతూ వచ్చి, 2017తో దాని పని ముగిసింది. ఎక్స్‌ఎన్‌ఏ అంటే ఏమిటని అడిగితే, ఈ మూడక్షరాలు దేనికీ సంక్షిప్తరూపం కావన్నదే వాటి అర్థమని తయారుచేసినవాళ్లు చెప్పేవారు.

టీవీకి తగిలించుకునే కన్సోల్‌కు గేము రాయడం అంతకుముందు పెద్ద సంస్థలకే సాధ్యమైన పని. తయారీదారుతో ఒప్పందం ఉండాలి, లోగుట్టు బయటపెట్టబోమని సంతకం చేయాలి, ఖరీదైన ప్రత్యేక డెవలప్‌మెంట్ కిట్ కొనాలి. సోనీ 1996లో నెట్ యారోజ్ అనే నల్లని ప్లేస్టేషన్‌ను ఔత్సాహికులకు అమ్మి ఈ కంచెలో చిన్న సందు చేసింది. అమెరికాలో దాని ధర సుమారు 750 డాలర్లు. ఎక్స్‌ఎన్‌ఏ ఆ సందును దారిగా మార్చింది. దుకాణంలో కొన్న మామూలు ఎక్స్‌బాక్స్ 360 (మైక్రోసాఫ్ట్ కన్సోల్) సరిపోయేది, వేరే కిట్ అక్కర్లేకపోయింది. విండోస్ కంప్యూటర్ మీద గేము రాసుకోవడానికి ఒక్క పైసా ఖర్చు ఉండేది కాదు. రాసినదాన్ని ఎక్స్‌బాక్స్ మీద నడిపించాలంటే మాత్రం ఏడాదికి 99 డాలర్లు కట్టి క్రియేటర్స్ క్లబ్‌లో చేరాల్సి వచ్చేది. అప్పటి మారకంలో అది సుమారు నాలుగు వేల రూపాయలు.

సైటులో సభ్యత్వం లేనివారికి కూడా తెరిచి ఉంచిన భాగం పాఠాల భాగం. నిజానికి దాని విలువంతా అక్కడే ఉంది. స్టార్టర్ కిట్ల పేరుతో పూర్తి గేములనే మూలకోడుతో సహా ఇచ్చేవారు. స్పేస్‌వార్ అనే అంతరిక్ష పోరు, కారు పందెం, గెంతుతూ సాగే ప్లాట్‌ఫార్మర్ అలాంటివే. నేర్చుకునేవాడు వాటిని విప్పి, ఒక అంకె మార్చి, గెంతు ఎత్తు ఎలా పెరిగిందో చూసుకుని, తన బొమ్మలు తగిలించి, చివరికి తన గేము రాసుకునేవాడు. గేము అంటే సెకనుకు అరవైసార్లు తిరిగే ఒక చక్రమని, ప్రతి చుట్టులో ముందు అప్‌డేట్ అనే పని లెక్కలు చూస్తుందని, తరువాత డ్రా అనే పని బొమ్మ గీస్తుందని, ఈ రెండూ పదహారు మిల్లీసెకన్లకు కాస్త పైగా ఉండే వ్యవధిలో ముగియాలని ఆ పాఠాలు మొదటి రోజే చెప్పేవి. ఒక్కసారి అర్థమైతే జీవితాంతం ఉపయోగపడే సంగతి అది.

పాఠాల్లో చాలామందికి గుర్తుండిపోయింది చెత్త ఏరివేత గురించినది. సీ షార్ప్ భాషలో రాసే ప్రోగ్రాము వాడి వదిలేసిన మెమరీని యంత్రమే ఏరుకుంటుంది. కంప్యూటర్ మీద ఈ పని చల్లగా జరిగిపోతుంది, ఎవరికీ తెలియదు. ఎక్స్‌బాక్స్ 360 మీద అలా కాదు. కొత్తగా ఒక మెగాబైటు మెమరీ వాడినప్పుడల్లా ఏరివేత మొదలై, మొత్తం కుప్పను గాలించేది. ఆ కాస్త సేపు గేము ఆగి, కదిలేది. పరుగెత్తే బొమ్మ తడబడినట్టు ఉండేది. ఎందుకిలా అవుతుందో తెలియక కొత్తవాళ్లు తలపట్టుకునేవారు. దీనికి మందు రెండు విధాలు: ఆట సాగుతుండగా కొత్తగా ఏమీ సృష్టించకపోవడం, లేదా గాలించవలసిన కుప్పనే చిన్నదిగా ఉంచుకోవడం. ఎక్స్‌ఎన్‌ఏ బృందంలోని షాన్ హార్‌గ్రీవ్స్ ఈ రెండు దారులనూ తేటగా వివరించారు. అంతకు చాలా ముందే అలెగ్రో అనే ఉచిత గేము లైబ్రరీని సృష్టించిన మనిషి ఆయన. యంత్రం లోపల ఏం జరుగుతోందో, దాన్ని కట్టినవాళ్లే కూర్చోబెట్టి చెప్పడం లాంటిది ఇది. పాఠ్యపుస్తకాల్లో దొరికే చదువు కాదు.

ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్ వంటి ఊరికి ఇలాంటి చిరునామా ఎంత ముఖ్యమో ఆ కాలపు లెక్కలే చెబుతాయి. 1956లో గనుల, లోహశాస్త్రాల కళాశాలగా మొదలైన అక్కడి ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల 2005 డిసెంబరులో ఎన్ఐటీ అయింది. ఎక్స్‌ఎన్‌ఏ వచ్చింది సరిగ్గా మరుసటి డిసెంబరులో. నయా రాయపూర్‌లో ట్రిపుల్ ఐటీ రావడానికి ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. ఇంజనీరింగ్ సిలబస్‌లో గేము తయారీకి చోటు ఉండేది కాదు. 1931లో విజయనగరం రైలు మార్గం కలిసిన నాటి నుంచి రైల్వే కొలువులకూ వ్యాపారాలకూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లల చదువంటే ఇంజనీరింగే. గేములు రాస్తానంటే ఆ ఇళ్లలో నవ్వి ఊరుకునే రోజులవి. హైదరాబాద్‌లో అయితే 1998 నుంచీ మైక్రోసాఫ్ట్ సొంత అభివృద్ధి కేంద్రం ఉంది. పక్కింటి అన్నయ్యో మేనమామో ఆ రంగంలో ఉండే అవకాశం ఉంది. రాయపూర్ కుర్రవాడికి ఆ వీలు తక్కువ. అతనికి గురువంటూ దొరికితే అది తెర మీదనే.

ఆ గురువును కలుసుకోవడానికి కూడా ఒక వేళ ఉండేది. బీఎస్ఎన్ఎల్ డేటావన్ కనెక్షన్ అప్పట్లో 256 కేబీపీఎస్ వేగంతో మొదలైంది. దాని ప్లాన్లలో ఒకదానికి రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 దాకా ఎంత దించుకున్నా లెక్కలోకి వచ్చేది కాదు. అందుకని దేశమంతటా విద్యార్థులు రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లో పెట్టి పెద్ద ఫైళ్లు దించుకునేవారు. సీడీల్లోకి ఎక్కించి స్నేహితులకు పంచేవారు. నెట్ కరువు నేర్పిన ఈ అలవాటు తరువాత అక్కరకొచ్చింది. సైటు పోయినా హార్డ్‌డిస్కులో పాఠం మిగిలినవాళ్లు ఇలా దాచుకున్నవాళ్లే.

2008 నవంబరు 19న సైటుకు అంగడి కూడా తోడైంది. ఎక్స్‌బాక్స్ లైవ్ కమ్యూనిటీ గేమ్స్ పేరుతో మొదలై, మరుసటి ఏడాది ఇండీ గేమ్స్ అయింది. గేమును సంస్థ ఉద్యోగులు కాక, తోటి సభ్యులే పరీక్షించేవారు. ఆడుతుండగా మెమరీ యూనిట్ పీకేస్తే ఏమవుతుంది, రెండో కంట్రోలర్‌తో స్టార్ట్ నొక్కితే గేము పట్టించుకుంటుందా అని వెతికే ఒక కర్కశమైన పరీక్షల పట్టికను సభ్యులే కూర్చుకున్నారు. ఒకరి గేములో మరొకరు లోపం పట్టుకుంటే అది వెనక్కి వచ్చేది, సరిదిద్ది మళ్లీ పంపేవారు. పరీక్ష దాటిన గేము ఒక డాలరుకు సమానమైన 80 పాయింట్ల ధరకు కూడా అమ్ముడయ్యేది. రాబడిలో రాసినవాడికి ప్రధాన వాటా. నాసిరకం గేములు కుప్పలుగా వచ్చిన మాట నిజమే. అయినా మొత్తం మీద మూడు వేలకు పైగా గేములు ఆ దారిన వెలువడ్డాయి. వాటిలో చాలావాటికి మరో దారి లేదు. అంగడి రాకముందే, 2007లో మైక్రోసాఫ్ట్ పెట్టిన డ్రీమ్ బిల్డ్ ప్లే పోటీలో నెగ్గిన జేమ్స్ సిల్వా గేము ‘ది డిష్‌వాషర్’ను ఆయన దాదాపు ఒంటరిగానే తయారుచేశారు.

ముగింపు ఒక్కరోజులో రాలేదు. విండోస్ 8లో కొత్తగా పెట్టిన స్టోరులోకి ఎక్స్‌ఎన్‌ఏ గేములకు ప్రవేశం లేకపోయింది. 2013 జనవరి ఆఖరున సంస్థ తన గుర్తింపు పొందిన నిపుణులకు ఉత్తరం రాసింది: ఎక్స్‌ఎన్‌ఏ మీద ఇక పని జరగడం లేదు, ఆ విభాగంలో ఇచ్చే పురస్కారం 2014 ఏప్రిల్ 1తో ఆగిపోతుంది. అంటే సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో సీఈవో అయ్యేనాటికే ఈ నిర్ణయం జరిగిపోయింది. 2013 ఆగస్టులో చిన్న తయారీదారుల కోసం ఐడీ ఎట్ ఎక్స్‌బాక్స్ అనే వేరే పథకం ప్రకటించారు. 2015లో ఇండీ గేమ్స్ మూసివేత కబురు వచ్చింది. 2016 సెప్టెంబరుతో కొత్త గేముల స్వీకరణ ఆగింది, 2017లో అమ్మకం ఆగింది. రెండేళ్ల గడువు ఇవ్వడం మెచ్చుకోదగ్గదే.

గడువు సరిపోయినా, అప్పగింత సరిగా జరగలేదు. ఎక్స్‌ఎన్‌ఏలోని క్లాసులు, ఫంక్షన్ల వివరణలు మైక్రోసాఫ్ట్ పాత పత్రాల విభాగంలో చదువుకోవడానికి మిగిలాయి. చేయి పట్టుకు నడిపించిన స్టార్టర్ కిట్లు, నమూనాలు, వ్యాసాలు మాత్రం తమ పాత చిరునామాల నుంచి మాయమయ్యాయి. పుస్తకాల్లో అచ్చయిన లింకులన్నీ ఒక్కసారిగా ఎటూ పోని దారులయ్యాయి. ఎక్స్‌బాక్స్ మీద సొంత గేము నడిపించాలంటే సంస్థ సర్వరు సభ్యత్వాన్ని ధ్రువీకరించాల్సి ఉండేది. సర్వరు ఆగితే గేము కూడా ఆగినట్టే. కన్సోల్ పాడవలేదు, కోడు పాడవలేదు, వాటిని కలిపే నడిమి మనిషి వెళ్లిపోయాడు. సహాయ సైటు మూతపడడాన్ని ఒక దుకాణం కట్టేయడంగా లెక్కించడం పొరపాటు. అమ్మిన పనిముట్టులో అది సగం.

రాయపూర్‌లోనే ఇందుకు ఎదురు ఉదాహరణ ఉంది. రాజనాందగావ్ పాలకుడు మహంత్ ఘాసీదాస్ పేరిట 1875లో వెలసిన మ్యూజియంలో ప్రాచీన దక్షిణ కోసల ప్రాంతపు శాసనాలు, తామ్రపత్రాలు ఉన్నాయి. దానం పుచ్చుకున్నవాడి ఇంట్లోనే ఉండేలా రాగి రేకు మీద చెక్కి ఇచ్చేవారు కాబట్టి, ఇచ్చిన రాజ్యం పోయినా రేకు మిగిలింది. పత్రం పుచ్చుకున్నవాడి చేతిలో ఉండాలన్న ఆ ఏర్పాటులోని తెలివిని వెబ్‌సైటు మరిచింది. తెలుగునాట తాటాకు గ్రంథాలదీ ఇదే కథ. ఆకు శిథిలమయ్యేలోగా ఎవరో ఒకరు కొత్త ఆకు మీదికి ఎక్కించినవే నిలిచాయి. కడపలో సి.పి. బ్రౌన్ లేఖకులకు జీతమిచ్చి ప్రతులు రాయించకపోతే కొన్ని గ్రంథాలు మనదాకా వచ్చేవి కావు.

ఎక్స్‌ఎన్‌ఏ పాఠాలకు కూడా అలాంటి లేఖకులు దొరికారు. నమూనాల కోడుకు సంస్థ ఇచ్చిన లైసెన్సు ఉదారమైనది. ఎవరైనా తీసుకుని మార్చి పంచుకోవచ్చు. ఆ ఒక్క నిర్ణయమే తరువాత ప్రాణం పోసింది. సైటు మూతపడకముందే ఔత్సాహికులు పాఠాల భాండారాన్ని గిట్‌హబ్‌లోకి చేర్చారు. అసలు పనిముట్టుకు మారుగా మోనోగేమ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పెరిగింది. 2009లో ఎక్స్‌ఎన్‌ఏ టచ్ పేరుతో ఐఫోన్ కోసం మొదలైన ప్రయత్నమది. పాత కోడు పెద్దగా మారకుండానే కొత్త యంత్రాల మీద నడవాలన్నది దాని పట్టుదల. ఈథన్ లీ తయారుచేసిన ఎఫ్‌ఎన్‌ఏ దాని తోబుట్టువు లాంటిది. పాత సైటు ఇచ్చిన ప్లాట్‌ఫార్మర్ పాఠం ఇప్పటికీ మోనోగేమ్ నమూనాల్లో ఉంది. ఈ పని కొనసాగించడానికి 2023లో మోనోగేమ్ ఫౌండేషన్ కూడా ఏర్పడింది.

ఎక్స్‌ఎన్‌ఏ మీద పుట్టిన గేముల్లో టెరారియా, బాస్టియన్ 2011లో, ఫెజ్ 2012లో వచ్చాయి. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కష్టపడి రాసిన స్టార్‌డ్యూ వ్యాలీ 2016 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి ఎక్స్‌ఎన్‌ఏ అధికారికంగా ఆగిపోయి దాదాపు రెండేళ్లు. 2021లో బరోన్ దాని కంప్యూటర్ రూపాన్ని మోనోగేమ్ మీదికి మార్చారు. పాత కంప్యూటర్లు ఉన్నవారి కోసం ఎక్స్‌ఎన్‌ఏ రూపాన్ని కూడా విడిగా ఉంచారు.

రాయపూర్, బిలాస్‌పూర్, భిలాయి కళాశాలల్లో 2006 నుంచి 2013 దాకా చదివినవారి అటకల మీద ఆనాటి సీడీలు ఇంకా ఉండవచ్చు. వాటిలో ఎక్స్‌ఎన్‌ఏ నమూనాలు గాని, సొంతంగా రాసిన గేముల కోడు గాని ఉంటే, డిస్కు పాడవకముందే ఒక ప్రతి తీసి పెట్టండి.