ద్రాస్ లోయలో తెరుచుకోని తలుపు

జనవరి నెల. ద్రాస్ లోయలో ఇంకా పొద్దు పొడవలేదు. రోడ్డు పక్కన నిలిపి ఉన్న జీపు వద్దకు డ్రైవరు వచ్చి, తాళం తిప్పి, పిడి పట్టుకొని లాగాడు. తాళం వీడింది గాని తలుపు మాత్రం కదలలేదు. ఎదుటి ఇంట్లో, కార్గిల్ ఆసుపత్రికి చేర్చవలసిన వృద్ధుడు కంబళ్లు కప్పుకొని ఎదురుచూస్తున్నాడు. ఆసుపత్రికి అరవై కిలోమీటర్లు పోవాలి. ఆ ప్రయాణం ఇప్పుడొక రబ్బరు పట్టీ దగ్గర ఆగిపోయింది.

శీతకాలంలో ఇటువంటి ఉదయాలు ఆ లోయకు కొత్తవి కావు. శ్రీనగర్ నుంచి లేహ్‌కు పోయే రహదారిమీద, 3,528 మీటర్ల ఎత్తున ఉన్న జోజిలా కనుమ దాటిన తరువాత వచ్చే మొదటి పెద్ద ఊరు ద్రాస్. లడఖ్‌కు ముఖద్వారమని దానికి పేరు. 1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు దేశమంతటా మారుమోగిన తోలోలింగ్, టైగర్ హిల్ శిఖరాలు ఈ ఊరి సమీపంలోనే ఉన్నాయి. ఊరు సుమారు 3,280 మీటర్ల ఎత్తున ఉన్నది. నడి శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలకు దిగడం ఇక్కడ విశేషం కాదు.

లేహ్ ఇంతకన్న ఎత్తున ఉన్నది. అక్కడా చలి తీవ్రమే. కాని అది ఎడారి వంటి ప్రదేశం. ఏడాది మొత్తంమీద కురిసే వాన, మంచు కలిపి లెక్కించినా పది సెంటీమీటర్ల నీటికి అటూ ఇటూ. ద్రాస్ సంగతి వేరు. పడమటి నుంచి వచ్చే మేఘాలు జోజిలా దాటి ఈ లోయలో దండిగా మంచు కురిపిస్తాయి. వాహనాల తలుపులను బిగించేది ఒక్క చలి మాత్రమే కాదు, చలితో చేయి కలిపిన తడి. పొడిగా ఉన్న తలుపు ఎంతటి చలిలోనైనా తెరుచుకుంటుంది.

తడి చేరే విధం చూడడానికి చాలా సామాన్యమైనది. ఆ ఎత్తున మధ్యాహ్నపు ఎండ చురుకుగా ఉంటుంది. గాలి గడ్డకట్టించేంత చల్లగా ఉన్నా, ఎండ తగిలిన లోహం వేడెక్కి, కారు కప్పుమీది మంచును కరిగిస్తుంది. కరిగిన నీరు తలుపు సందులోకి జారి, మెకానిక్కులు బీడింగు అని పిలిచే రబ్బరు పట్టీ దగ్గర నిలుస్తుంది. లోపలి నుంచి కూడా తడి వస్తుంది. ప్రయాణికుల ఊపిరి, బూట్ల అడుగున కరిగే మంచు ఆవిరిగా మారి రబ్బరుమీద చేరుతాయి. పొద్దు గూకిన తరువాత నిర్మలమైన ఆకాశం కింద లోహపు రేకు త్వరత్వరగా చల్లారుతుంది. అప్పుడు రబ్బరుకూ రేకుకూ నడుమ ఉన్న పలుచని నీటి పొర గడ్డకట్టి, రెండింటినీ జిగురువలె అతుకుతుంది.

తొందరపడి గట్టిగా లాగితే నష్టమే. చలికి బిరుసెక్కిన రబ్బరు చిరుగుతుంది, లేదా గాడి నుంచి ఊడివస్తుంది. పిడి విరగడమూ కద్దు. చిరిగిన సందులో నుంచి గాలి, మంచుపొడి లోపలికి దూరుతాయి. మరునాడు తలుపు మరింత బిగుస్తుంది. మైదానంలో అయితే కొత్త రబ్బరు ఆ పూటే కొనవచ్చు. జోజిలా మూసుకున్న రోజుల్లో కొత్తది వచ్చే దారి కూడా మూసుకుంటుంది. ఒకప్పుడు ఆ కనుమ శీతకాలంలో నెలల తరబడి మూతపడి ఉండేది. 2025లో 32 రోజులకే తిరిగి తెరిచారు. అయినా రోగికి ఒక్క రోజే ఎక్కువ.

వేడినీళ్లు పోయాలనే ఆలోచన అందరికీ తడుతుంది. అదీ పొరపాటే. హఠాత్తుగా వేడి తగిలిన అద్దం పగలవచ్చు. పోసిన నీరే కొద్ది నిమిషాలలో మళ్లీ గడ్డకట్టి మునుపటికన్న గట్టిగా పట్టుకుంటుంది. తలుపును బయటికి లాగడానికి ముందు, భుజంతోనో అరచేతులతోనో అంచుల పొడవునా లోపలికి నొక్కాలి. ఆ ఒత్తిడికి పలుచని మంచు పొర చిట్లుతుంది. అప్పుడు కొద్దికొద్దిగా, నెమ్మదిగా లాగాలి. అప్పటికీ రాకపోతే రెండో తలుపును ప్రయత్నించాలి. లోపలికి చేరి ఇంజను నడిపి హీటరు వేస్తే మిగిలిన తలుపులు వాటంతట అవే వదులుతాయి.

అసలైన జాగ్రత్త ముందు రోజు సాయంత్రమే తీసుకోవాలి. తెల్లవారిన తరువాత పడే పాట్లు ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్టే. బండి ఆపిన వెంటనే తలుపులు కొద్దిసేపు తెరిచి ఉంచి లోపలి ఆవిరిని పోనివ్వాలి. కప్పుమీది మంచును ఊడ్చివేయాలి. పొడిబట్టతో రబ్బరును, అది ఆనే రేకును కూడా తుడవాలి. తలుపు అడుగున నీరు పోవడానికి ఉన్న రంధ్రాలు బురదతో పూడకుండా చూసుకోవాలి. తరువాత రబ్బరుకు సిలికోనుగాని, గ్లిజరిన్‌గాని పలుచగా రాయాలి. దానిమీద నీరు అంటదు, అంటినా పట్టు చిక్కదు. ఇంజను ఆయిలు, గ్రీజు వంటివి రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి కాబట్టి వాటిని దూరంగా ఉంచాలి.

చలి తెచ్చే చిక్కులు కొన్నింటికి పెద్ద సంస్థలు పరిష్కారం చూపాయి. మైనస్ 33 డిగ్రీల వరకు పారే శీతకాలపు డీజిలును ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో లడఖ్‌కు అందించింది. తలుపు రబ్బరుకు మాత్రం ఒక పొడిబట్ట, పది నిమిషాల ఓపిక చాలు.

జీపు చుట్టూ తిరిగి డ్రైవరు రెండో వైపుకు వెళ్లాడు. నిన్నటి ఎండ ఆ వైపు పడలేదు. మంచు కరగలేదు, నీరు దిగలేదు. అంచుల వెంట నొక్కి లాగగానే తలుపు చిన్న చప్పుడుతో వీడింది. ఇంజను వేడెక్కేసరికి తూర్పు కొండలమీద వెలుగు పాకింది. వృద్ధుణ్ణి మెల్లగా ఎక్కించి, జీపు కార్గిల్ దారి పట్టింది. ముందు సీటు కింద పొడిబట్ట ఒకటి మడత విప్పకుండా ఉన్నది. నిన్న సాయంత్రం దానికి పని చెప్పి ఉంటే, ఆ జీపు అరగంట ముందే బయలుదేరి ఉండేది.