మూడు టన్నుల రాళ్ల కింద మిసో

నాగోయా నుంచి రైల్లో సుమారు 40 కిలోమీటర్లు వెళ్తే ఒకజాకి వస్తుంది. జపాన్‌ను రెండున్నర శతాబ్దాలకు పైగా ఏలిన తోకుగవా వంశానికి మూలపురుషుడైన ఇయెయాసు 1543లో ఈ ఊరి కోటలోనే పుట్టాడు. కోటకు పడమరగా, కిలోమీటరు కూడా లేని దూరంలో హచ్చో పేట ఉంది. ఎదో (నేటి టోక్యో), క్యోటో నగరాలను కలిపిన పాత తోకైదో రహదారి ఈ పేట మీదుగానే పోతుంది. ఆ దారికి అటూ ఇటూ రెండు మిసో కార్ఖానాలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఒకటి 1337లో మొదలైన మరుయా, రెండోది 1645 నాటి కకుక్యూ. మేం చూసింది రెండోదాన్ని.

ఆవరణలోకి అడుగుపెట్టగానే ఉడికిన గింజల వాసన, ఉప్పు వాసన, పాత చెక్క వాసన కలిసి పలకరిస్తాయి.

సోయా గింజలను పులియబెట్టి చేసే ముద్దే మిసో. జపాన్ ఇళ్లలో అన్నం పక్కన పెట్టే వేడి మిసోషిరు దీనితోనే కాస్తారు. మనకు చారు ఎలాగో వాళ్లకది అలాగ. దేశంలో ఎక్కువచోట్ల బియ్యానికి ‘కోజి’ అనే బూజు పట్టించి, దాన్ని ఉడికిన సోయాలో కలుపుతారు. ఒకజాకి ఉన్న ఐచి ప్రాంతంలో మాత్రం బియ్యం ఊసే లేదు. ఆవిరి మీద ఉడికించిన సోయాను పిడికెడేసి ఉండలు చేసి, వాటికే నేరుగా కోజి పట్టిస్తారు. తర్వాత ఉప్పు, కొద్దిగా నీళ్లు కలిపి పీపాల్లోకి తొక్కుతారు.

ఆ పీపాలు ఉన్న కొట్టు చీకటిగా, చల్లగా ఉంది. దేవదారు లాంటి సుగి చెక్కతో చేసి, వెదురు పట్టీలు బిగించిన ఒక్కో పీపా మనిషి ఎత్తు ఉంటుంది. అందులో సుమారు 6 టన్నుల మిసో పడుతుంది. దాని మీద సుమారు 3 టన్నుల ఏటి రాళ్లను శంఖువు ఆకారంలో పేరుస్తారు. సిమెంటు లేదు, తాడు లేదు. ఒక రాయి మీద ఇంకో రాయి కుదురుగా కూర్చోవాలి, అంతే. భూకంపాల దేశంలో ఆ గుట్ట కదలకుండా పేర్చడం పనివాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకునే విద్య. ఈ మిసోలో నీటి శాతం తక్కువ. పైనుంచి బరువు పడితేనే ఆ కాస్త తడీ ముద్దంతటికీ సమానంగా పాకుతుంది. ఇలా రెండు వేసవులు, రెండు చలికాలాలు గడవాలి. వేడి పెట్టి తొందరపెట్టరు. బయటికొచ్చేసరికి ముద్ద నల్లబెల్లం రంగు తిరిగి ఉంటుంది.

కొట్టు చూశాక మిసోషిరు రుచి చూపించారు. కారం లేదు, తాలింపు లేదు. ఉప్పన, లేత పులుపు, చివర్లో చిరుచేదు. వీటన్నిటి కింద ఇంకో రుచి నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. అది ‘దాషి’ది. కొంబు అనే సముద్రపు నాచునూ, ఉడికించి పొగబెట్టి కట్టెలా ఎండబెట్టిన చేప తురుమునూ వేడినీళ్లలో ఊరవేసి తీసే రసం అది. టోక్యో విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెదా 1908లో కొంబు రసం నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడే అది అజినొమోటోగా అంగట్లోకి వచ్చింది.

జపనీయుల ఇంటి భోజనానికి పాత లెక్క ఒకటుంది: అన్నం, ఒక పులుసు, మూడు వంటకాలు, కాస్త ఊరగాయ. కాల్చిన చేపో, టోఫూనో, ఉడికించిన దుంపలో ఆ మూడింటిలోకి వస్తాయి. సుషీ రోజూ ఇంట్లో వండుకునేది కాదు. ఇప్పుడు జపాన్ వంటలుగా లోకమంతా తినేవాటిలో కొన్ని బయటివే. టెంపురా 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి వెంట వచ్చింది. రామెన్‌కు మూలం చైనా. కూర కలిపిన అన్నం బ్రిటిష్‌వారి మీదుగా చేరింది. ఇక మాంసం సంగతి. క్రీ.శ. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం వంటి జంతువుల మాంసాన్ని నిషేధించాడు. 1872లో మెయిజి చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడన్న వార్త బయటికొచ్చాకే జనం సంకోచం సడలింది. అంతకాలమూ పళ్లెంలో బలం సోయాదీ చేపదీ.

మన నిడదవోలు నుంచి జపాన్ వెళ్లినవాళ్లను ఎక్కువగా ఆపేది అన్నం. మన చేలల్లో పండే స్వర్ణ, మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన ఎంటీయూ 7029 రకం, వండితే మెతుకు మెతుకుగా విడుతుంది. జపాన్ బియ్యం పొట్టిగా ఉండి, వండితే ముద్దగా అతుక్కుంటుంది. అందుకే వాళ్లు తినే పుల్లలకు దొరుకుతుంది, ఒనిగిరి ఉండగా నిలుస్తుంది. ఇక మన మిల్లుల్లోంచి నూనె ఫ్యాక్టరీకీ పశువుల కుడితికీ పోయే తవుడు అక్కడ వంటింట్లో ఉంటుంది. తవుడులో ఉప్పూ నీళ్లూ కలిపి పులియబెట్టి, అందులో దోస, ముల్లంగి, వంకాయ పూడ్చితే నుకజుకె తయారు. జిగురుగా సాగే నాటో కోసం ఉడికిన సోయాను వరిగడ్డిలో చుట్టేవారు. గడ్డిలో ఉండే సూక్ష్మజీవే దాన్ని పులియబెడుతుంది. వరి మొక్కలో పారేసేదంటూ మిగల్లేదు.

2013లో యునెస్కో జపాన్ భోజన సంప్రదాయాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గౌరవం హచ్చో తగాదాను మాత్రం ఆపలేకపోయింది. 2017లో జపాన్ వ్యవసాయ శాఖ ‘హచ్చో మిసో’ భౌగోళిక గుర్తింపును ఐచి రాష్ట్ర తయారీదారుల సంఘానికి ఇచ్చింది. ఆ నిబంధనల ప్రకారం చెక్క పీపా అక్కర్లేదు, రెండేళ్లు ఆగక్కర్లేదు. పేటలోని రెండు పాత కార్ఖానాలూ ఆ గుర్తింపుకు బయటే ఉండిపోయాయి. మరుయా కోర్టుకెక్కింది, 2024లో సుప్రీంకోర్టులోనూ ఓడింది. గోదావరికి అవతల ఆత్రేయపురం పూతరేకులకు 2023లో అదే గుర్తింపు వచ్చింది, అదీ స్థానిక తయారీదారుల సంఘం పేరు మీద. ఆ విషయంలో మనవాళ్ల అదృష్టం బాగుంది.

పిల్లల దగ్గరికి జపాన్ వెళ్లే పెద్దవాళ్లకు ఒక మాట. శాకాహారులు మిసోషిరులో కూరముక్కలే కనిపిస్తున్నాయని ధైర్యంగా తాగకండి, దాషి దేనితో తీశారో అడగండి. బౌద్ధ మఠాల్లో వండే షోజిన్ భోజనంలో చేప ఉండదు, కొంబు, ఎండు పుట్టగొడుగుల రసమే వాడతారు. ఒకజాకికి వెళ్లేవారు నాగోయా నుంచి మెయితెత్సు రైలెక్కి ఒకజాకికోయెన్‌మాయె స్టేషన్‌లో దిగితే, కార్ఖానాలు రెండూ నడిచేంత దూరంలోనే ఉంటాయి.